బొమ్మ రాకెట్టును పెద్దదిగా నిర్మించుట

దీపావళినాడు తారాజువ్వను చూడనివారు మనలో నుండరు. సన్నని పుల్లకు కట్టిన కాగితపు గొట్టము, దానిలో దట్టించిన మందు, క్రింద నొక వత్తి. ఇంతకు మించి దానిలో నేమియు లేదు. వత్తి యంటుకొనగానే అది రివ్వున పైకెగసి, మెరసి, చీకటిలో కలిసిపోవును. దానిని చూచిన బాలునకు ఒక యాలోచన తోచుట సహజము. "ఇంత చిన్న వస్తువు అంత యెత్తు పోయినప్పుడు, దీనినే నాలుగింతలు పెద్దది చేసినచో ఎంత యెత్తు పోవును తాతా?" అని అతడు మిమ్ము నడుగును. పొడవు నాలుగింతలు, లావు నాలుగింతలు, మందు నాలుగింతలు చేసిన చాలునని అతని యూహ. పెద్దలలో ననేకులకును ఆ యూహ సబబుగనే కనబడును. కాని అది సరికాదు. ఎందుచేత సరికాదో, సరియైన మార్గ మేదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

నేను కొంతకాలము అమెరికాలో నుండి, అచ్చటి బొమ్మ రాకెట్ల సంఘ మొకదానిలో సభ్యుడనై, ఒక చిన్న బొమ్మను నాలుగు రెట్లు పెంచి స్వయముగా నిర్మించి యెగురవేసితిని. కావున చెప్పునది కేవలము పుస్తకములలోని మాట కాదు. చేతితో చేసి చూచిన పని.

మొదట రాకెట్టు ఎట్లు కదలునో తెలిసికొందము. అది వెనుకనున్న గాలిని తన్ని పైకిపోవునని పలువురు తలంతురు. అది పొరపాటు. పడవలో నిలిచినవాడు గట్టుమీదికి దూకినచో పడవ వెనుకకు జరుగును. తుపాకి ప్రేల్చినవాని భుజమునకు దెబ్బ తగులును. గుండు ముందునకు పోవుటయు, తుపాకి వెనుకకు తన్నుటయు ఏకకాలమున జరుగు పనులు. ఇట్లే రాకెట్టు తనలోని మందును మండించి, ఆ వేడి పొగను మహావేగముతో క్రిందికి వెడలగ్రక్కును. ఆ పొగ క్రిందికి పోవుటచేతనే గొట్టము పైకి పోవును. గాలితో దానికి పనిలేదు. గాలి దానికి అడ్డమే గాని సాయము కాదు. ఈ ధర్మమును న్యూటను పండితుడు 1687లో ప్రకటించిన గ్రంథమున సూత్రముగా చెప్పెను.

ఇక ఈ బొమ్మల కథ. 1957 అక్టోబరు 4వ తేదీన రష్యావారు స్పుత్నిక్ అను కృత్రిమోపగ్రహమును భూమి చుట్టు త్రిప్పిరి. ఆ వార్త విన్న అమెరికా బాలురకు రాకెట్లపై మోజు పుట్టెను. ఇనుప గొట్టములు తెచ్చి, ఇంటిలో కలిపిన మందును వానిలో కూరి వెలిగింపసాగిరి. ఇనుప గొట్టము పగిలినప్పుడు అది రాకెట్టు కాదు, బాంబు. వ్రేళ్లు పోయినవారు, కన్నులు పోయినవారు, ప్రాణములే పోయినవారు పలువురు. ఈ యనర్థమునకు విరుగుడు అంతకు ముందే యొకచోట సిద్ధమై యుండెను. నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ అను పట్టణములో ఆర్విల్ కార్లైల్ అను చెప్పుల దుకాణదారు 1954లో కాగితముతోను తేలిక చెక్కతోను ఒక చిన్న రాకెట్టును చేసెను. మందు నింపిన చిన్న గొట్టము దాని తోకలో నమరియుండును. పని తీరిన పిదప దానిని తీసివేసి మరియొకటి పెట్టవచ్చును. పైకి పోయినది చిన్న గొడుగు విప్పుకొని మెల్లగా దిగివచ్చును. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ రాకెట్టు క్షేత్రమున పనిచేసిన హారీ స్టైన్ అను నాతడు బాలుర ప్రమాదములను గూర్చి 1957లో పత్రికలో వ్రాయగా, కార్లైల్ దానిని చదివి తన బొమ్మలను అతనికి పంపెను. ఆ యిద్దరి పరిచయముతో ఈ విద్య నిలద్రొక్కుకొనెను. పిమ్మట బాణసంచా చేయువారి కుటుంబమున పుట్టిన వెర్నన్ ఎస్టెస్ అను నాతడు మందు గొట్టములను యంత్రముతో ఒకే తీరున తయారుచేయు పద్ధతిని నెలకొల్పెను.

అప్పుడేర్పడిన నియమములు నేటికిని మారలేదు. ఒడలు కాగితము, చెక్క మొదలగు తేలిక వస్తువులతోనే యుండవలెను. లోహపు గొట్టము కూడదు. మందు గొట్టమును కర్మాగారమునుండియే తెచ్చుకొనవలెను. ఇంటిలో మందు కలుపరాదు. నిప్పు చేతితో నంటింపక, దూరమున నిలిచి విద్యుత్తీగ ద్వారమున రగిల్పవలెను. పైకి పోయినది మెల్లగా దిగు సాధన ముండవలెను. కనుక "మొదటినుండి తానే చేయుట" యనగా మందు గొట్టము తప్ప తక్కినదంతయు తానే చేయుట యని గ్రహింపవలెను. ఈ మొదటి మెట్టును దాటి మాటలాడువాడు తన చేతికిని, చుట్టుపట్లవారి కన్నులకును ముప్పు తెచ్చువాడు.

నేను మాతృకగా గైకొన్న చిన్న బొమ్మ పొడవు ఒక అడుగు, లావు ఒక అంగుళము. దానికి తేలిక చెక్కతో కోసిన మూడు రెక్కలు, చెక్కతో చెక్కిన ముక్కు, ఒక అడుగు వెడల్పు గల పలుచని గొడుగు కలవు. బరువు 25 గ్రాములు, అనగా రమారమి రెండు తులములు. తోకలో నిమిడిన మందు గొట్టము 18 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు. అది ఇంచుమించు 600 అడుగుల యెత్తు పోవును. దానిని నాలుగు రెట్లు పెంచినచో పొడవు నాలుగడుగులు, లావు నాలుగంగుళములు అగును. ఇంతవరకు బాలుని లెక్కయే.

ఇక అసలు లెక్క వినుడు. ఒక పాచికను తీసికొనుడు. అట్టి పాచికలనే చేర్చి, అన్ని ప్రక్కలను నాలుగింతలు గల పెద్ద పాచికను కట్టదలచితి మనుకొనుడు. దాని ఒక్క ముఖము కప్పుటకు నాలుగు నాలుగులు 16 పాచికలు కావలెను. మొత్తము కట్టుటకు 16 చొప్పున నాలుగు వరుసలు, అనగా 64 పాచికలు కావలెను. పొడవు నాలుగు రెట్లయిన, వైశాల్యము 16 రెట్లును, బరువు 64 రెట్లును పెరిగినవి. మూడును మూడు తీరుల పెరిగినవి! ఈ యొక్క సంగతి మనస్సున నాటుకొనిన యెడల నేటి ప్రసంగ మంతయు అర్థమైనట్లే.

ఇటలీ దేశపు గెలీలియో పండితుడు 1638లో అచ్చైన గ్రంథమున ఈ ధర్మమును వివరించెను. చిన్న జంతువు ఎముకను అన్ని వైపుల సమముగా పెంచినంత మాత్రమున అది పెద్ద జంతువును మోయజాలదనియు, దాని లావు పొడవుకంటె మించి పెరుగవలెననియు అతడు బొమ్మ గీచి చూపెను. చీమ కాళ్లు వెండ్రుకలవలె నున్నను చాలును. ఏనుగునకు స్తంభములవంటి కాళ్లు కావలెను. మన వడ్రంగులకు ఈ సంగతి పండితులు చెప్పకయే తెలియును. పదడుగుల సావడికి వేసిన తాటిదూలము కొలతలనే రెండింతలు చేసి యిరువది యడుగుల సావడికి వేయువాడు లేడు. పొడవు, మందము, వెడల్పు అన్నియు రెండింతలు చేసినను దూలపు సొంత బరువు ఎనిమిదింతలగును. దానిని మోయు కోత మాత్రము నాలుగింతలే యగును.

నా రాకెట్టు విషయముననుగూడ ఇదే జరిగెను. పెరిగిన బరువు 25 గ్రాములకు 64 రెట్లు, అనగా 1600 గ్రాములు. రెక్క గొట్టమునకు అతుకుకొను చోటు మాత్రము 16 రెట్లే. కావున జిగురు పట్టు ప్రతి అంగుళమునకును మునుపటికంటె నాలుగు రెట్లు భారము పడును. చిన్న బొమ్మకు రెక్కను గొట్టముపై జిగురుతో అంటించిన చాలును. పెద్దదానికి అట్లు చేసినచో నేలపై దిగిన మొదటి దెబ్బకే రెక్క యూడిపోవును.

అందుచేత నేను పని యీ విధముగా చేసితిని. నాలుగంగుళముల లావు గల నున్నని గొట్టముపై ముందు మైనపు కాగితము చుట్టి, దానిపై గట్టి గోధుమరంగు కాగితమును జిగురు రాచి పొరమీద పొరగా చుట్టి, ఒకటిన్నర మిల్లీమీటరు మందము వచ్చువరకు పెంచితిని. ఆరిన పిదప లోపలి గొట్టమును లాగివేయగా, డోలు ఒడలివలె గట్టిగా మ్రోగు కాగితపు గొట్టము మిగిలెను. ముక్కును తేలిక చెక్కతో తరిమెన పట్టి, లోపలిభాగము తొలిచి బోలు చేసితిని. ముద్దగా నుంచినచో అదియే అధిక భారమగును. రెక్కలకు తేలిక చెక్కను మాని, ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్డును వాడితిని. ప్లైవుడ్డులో ఒక పొర నార నిలువుగాను, మరియొక పొర నార అడ్డముగాను ఉండుటచే అది ఏ వైపునకును సులభముగా చీలదు.

ముఖ్యమైనది అతుకు. నాగలి మేడిని దుంపకు కేవలము అంటించిన నిలుచునా? బెజ్జము వేసి దూర్చి బిగింతుము గదా! అట్లే పెద్ద గొట్టమున నిలువు చీలికలు కోసి, రెక్కల మొదళ్లను వానిలో దూర్చి, నడుమనున్న మందు గొట్టపు ఒరకు తగులునట్లు అమర్చితిని. ఆ యొర పెద్ద గొట్టము నడుమ నిలుచుటకు ప్లైవుడ్డు చక్రములు బిగించితిని. రెక్క లోపలి యొరను ఒకచోటను, వెలుపలి గొట్టమును ఒకచోటను పట్టుకొనుటచే దాని బలము ఇనుమడించెను. బండిచక్రమున ఆకులు కుండను, పూటీలను పట్టియుండు తీరిదే.

ఇక మందు గొట్టము. బరువు 64 రెట్లయినప్పుడు అదే వేగము నిచ్చుటకు మందు తోపును 64 రెట్లు కావలెను. నాలుగు రెట్లు చాలదు. తోపు ఎంత బలముతో ఎంతసేపు నిలుచునో గుణించి, ఆ ఫలితమునుబట్టి ఈ గొట్టములకు అక్షరములతో పేరు పెట్టిరి. "ఏ" తరగతి గరిష్ఠము రెండున్నర మాత్రలు, "బీ" అయిదు, "సీ" పది, "డీ" ఇరువది. ఇట్లు మెట్టుమెట్టునకు రెట్టింపగును. ఇచ్చట మాత్రయనగా న్యూటను-సెకండు అను కొలత. చిన్న బొమ్మకు "బీ" తరగతి గొట్టము, అనగా అయిదు మాత్రలు చాలును. దానికి 64 రెట్లు 320 మాత్రలు. అది "హెచ్" తరగతి కడపటి మెట్టు. చదరంగపు గళ్లలో గింజలు పెట్టినట్లు ఆరు మెట్లెక్కునప్పటికి అయిదు మూడువందల యిరువది యైనది!

అయినను నాకు 200 మాత్రలే సరిపోయెను. ఏలననగా చిన్న గొట్టములలోనిది తుపాకి మందు. పెద్దవానిలోనిది అమోనియం పెర్‌క్లోరేటు అను లవణమును రబ్బరువంటి పదార్థముతో కలిపి గట్టిపరచినది. ఈ రెండవది, సమానమైన తూకమున తుపాకి మందుకంటె రెండింతలకు మించిన పని చేయును. కావున మందు గొట్టము తేలికయై, మొత్తము బరువు తగ్గెను. బయలుదేరునప్పుడు నా రాకెట్టు బరువు 1850 గ్రాములు మాత్రమే.

ఇట్టి గొట్టమును అమెరికాలో ఎవరు పడిన వారు కొనజాలరు. పదునెనిమిదేండ్లు నిండినవారు, సంఘపు పెద్దల యెదుట తాము కట్టిన రాకెట్టును "హెచ్" లేక దాని పై తరగతి గొట్టముతో ఎగురవేసి, అది చెక్కుచెదరక తిరిగివచ్చినట్లు చూపి, అర్హతాపత్రము పొందవలెను. అంతకు మించిన వానికి వ్రాతపరీక్షయు కలదు. అంత బరువు గలదానిని ఎగురవేయుటకు విమానయాన శాఖవారి యనుమతియు కావలెను. విద్య నేర్చినవానికే ఆయుధము నిచ్చుట మన పెద్దల మర్యాదయే గదా.

తరువాతిది నిలుకడ. బాణమునకు ముందు ములికి, వెనుక ఈక ఎందుకు? బరువు ముందును, గాలి పట్టు వెనుకను ఉండినప్పుడే అది సూటిగా పోవును. తారాజువ్వకు పుల్ల చేయు పని యిదియే. రాకెట్టునకు రెక్కలే ఈకలు. దానిని అడ్డముగా వ్రేలిపై నిలిపినప్పుడు తూగు చోటు బరువు కేంద్రము. గాలి ప్రక్కనుండి త్రోసినప్పుడు ఆ త్రోపు అంతయు కూడిన చోటు గాలి కేంద్రము. బరువు కేంద్రము గాలి కేంద్రమునకు ముందు, తక్కువ పక్షము రాకెట్టు లావంత దూరమున నుండవలెను. అటుగాక తలక్రిందులైనచో రాకెట్టు పైకి పోక గిరగిర తిరిగి జనముపైకి రావచ్చును. ప్రమాదములలో నిది ఘోరమైనది.

చిన్న బొమ్మకు పరీక్ష సులభము. తూగు చోట దారము కట్టి, వడిసెలవలె తలచుట్టును త్రిప్పినచో ముక్కు ముందునకు పెట్టుకొని పోవలెను. నాలుగడుగుల దానిని అట్లు త్రిప్పుట కష్టము. దానికి లెక్కయే శరణ్యము. అమెరికా అంతరిక్ష సంస్థయందలి జేమ్స్ బారోమన్ అను శాస్త్రజ్ఞుడు 1966లో బొమ్మ రాకెట్ల వారి సభకు గాలి కేంద్రము కనుగొను సులభగణితము నందించెను. దానినిబట్టి నా రాకెట్టు గాలి కేంద్రము ముక్కునుండి 37 అంగుళముల దూరమున తేలెను. మందు గొట్టము పెట్టి తూచగా బరువు కేంద్రము 33 అంగుళముల వద్ద నుండెను. నాలుగంగుళముల యెడము నియమమునకు సరిగా చాలును గాని, మిగులు లేదు. అందుచే ముక్కులోపల 120 గ్రాముల బరువు బిగించి కేంద్రమును ఇంకను ముందునకు తెచ్చితిని. పైని చెప్పిన 1850 గ్రాములలో ఇదియు చేరియున్నది. చిన్నదాని ఆకారము పెద్దదానికి వచ్చినను, చిన్నదాని తూకము రాదు. ఏలననగా పెద్దదానిలో వాడిన చెక్క వేరు, మందు వేరు, అతుకు వేరు. చూపునకు పోలిక యున్నంత మాత్రమున నడతలో పోలిక యుండదు.

గొడుగు విషయము మరింత విచిత్రము. చిన్న బొమ్మ తన అడుగు గొడుగుతో సెకండునకు పదడుగుల చొప్పున దిగును. గొడుగును నాలుగు రెట్లు, అనగా నాలుగడుగులు చేసితి మనుకొనుడు. దాని వైశాల్యము 16 రెట్లు. అది మోయవలసిన బరువు 64 రెట్లు. అందుచే వేగము రెట్టింపై సెకండునకు ఇరువది యడుగులగును. అది ఆరడుగుల యెత్తునుండి పడవేసిన దెబ్బతో సమానము. వేగము రెట్టింపైనప్పుడు దెబ్బ శక్తి నాలుగింతలు. బరువు 64 రెట్లు గనుక మొత్తమున దెబ్బ 256 రెట్లు! చిన్నదాని మెల్లదనమే కావలెనన్నచో ఎనిమిదడుగుల గొడుగు కావలెను. కాని అంత పెద్దదైన, దిగుటకు చాలసేపు పట్టి, గాలికి కొట్టుకొని పోయి పరుల చేలలో పడును. రెంటికి నడుమగా నేను అయిదడుగుల గొడుగును కుట్టించితిని. అది సెకండునకు 15 అడుగుల చొప్పున, మూడున్నర అడుగుల యెత్తునుండి పడినట్లు దింపును. ముక్కునకును ఒడలికిని నడుమ చిన్నదానిలో రబ్బరు దారముండగా, దీనికి 15 అడుగుల నైలాను పట్టెడ కట్టితిని.

ఎగురవేయుటకు విశాలమైన బయలు కావలెను. ఎండుగడ్డి లేని చోటు చూచి, ఆరడుగుల నిలువు పట్టాను నిలిపి, రాకెట్టు దానిని పట్టుకొని జారునట్లు కొక్కెములు పెట్టితిమి. ఎందుకనగా రెక్కలకు గాలిపట్టు వేగము వచ్చినప్పుడే కలుగును; వేగము వచ్చువరకు దారి చూపు సాధన ముండవలెను. బండి తొలి యడుగులకు బాట యెంత ముఖ్యమో ఇదియు నంతే. తోపు బరువునకు అయిదింతలైన నుండవలెనని నియమము. నా గొట్టపు తోపు పండ్రెండు కిలోల పాటిది గనుక ఆరింతలు దాటెను. పట్టా విడుచునప్పటికి సెకండునకు 45 అడుగుల వేగము రావలెనని లెక్క తేలెను. గాలి గంటకు 20 మైళ్లు దాటిన యెగురవేయరాదు. ఈ తరగతి గొట్టమునకు మనుష్యులు 100 అడుగులకు తక్కువ దూరమున నిలువరాదు. అందరును వినునట్లు అయిదునుండి ఒకటివరకు వెనుకకు లెక్కించి విద్యుత్తు మీట నొక్కవలెను. ఒకవేళ అంటుకొననిచో వెంటనే దగ్గరకు పరుగెత్తరాదు. తీగను విడదీసి, కనీస మొక నిమిషము వేచియుండవలెను.

ఈ నియమములన్నియు పాటించి మీట నొక్కగా, గొట్టము రెండు సెకండ్ల లోపల మందంతయు కాల్చెను. అప్పటికి వేగము సెకండునకు సుమారు 280 అడుగులు. తరువాత పొగ తోకతో, మందు లేకయే, వడిచేత పైకి పోయెను. ఆరేడు సెకండ్లు గడచిన పిదప లోపలి చిన్న మందు ప్రేలి ముక్కును త్రోయగా గొడుగు విచ్చుకొనెను. లోపల నుంచిన, గాలి యొత్తిడిని కొలుచు చిన్న యంత్రము 1000 అడుగులకు పైబడిన యెత్తును చూపెను. దిగుటకు నిమిషమునకు మించి పట్టెను. గాలి దానిని పట్టానుండి రమారమి 700 అడుగుల దూరమునకు జరిపెను. రెక్కలు మూడును నిలిచియుండెను.

ఇచ్చట నొక ప్రశ్న. చిన్న బొమ్మయు ఇంచుమించు ఈ వేగమునే అందుకొనును. మరి అది 600 అడుగులు, ఇది వేయి యడుగులు ఏల పోయెను? కారణము మరల ఆ పాచికల లెక్కయే. గాలి అడ్డుపడుట వైశాల్యమునుబట్టి. దానిని చీల్చుకొని పోవు బలము బరువునుబట్టి. పెద్దదానికి అడ్డు 16 రెట్లు పెరుగగా బరువు దానికి మిక్కిలి మించి పెరిగెను. చారెడు ఊకను విసరిన నాలుగడుగులు పోదు. అదే చేతితో రాయిని విసరిన చేను దాటును. గాలియే లేకుండిన రెండు రాకెట్లును 1200 అడుగులు దాటి సమముగా పోవలసినవి. కావున పెంచుటవలన బలమున నష్టము, గాలి విషయమున లాభము. ఒకే లెక్క ఒకచేత తీసికొని మరియొకచేత ఇచ్చుచున్నది.

ఈ విద్య యెంతదూరము పోవునో తెలుపుటకు ఒక యుదాహరణము. చంద్రునివద్దకు మనుష్యులను పంపిన శాటర్న్ 5 అను రాకెట్టు ఎత్తు 363 అడుగులు. దానిలో పదవవంతు ప్రతిమను ఒహాయో రాష్ట్రవాసి యొకడు కట్టి, 2009 ఏప్రిల్ 25వ తేదీన మేరీలాండు రాష్ట్రమున నొక పొలములో ఎగురవేసెను. దాని ఎత్తు 36 అడుగులు, బరువు 1648 పౌనులు. తొమ్మిది మందు గొట్టములతో 4440 అడుగులు పోయి గొడుగులతో దిగివచ్చెను. అది ఒక్కనాటి సాహసము కాదు; చిన్నవానిని కట్టి, మెట్టుమెట్టున నేర్చిన చేతి పని.

మన దేశమునకును ఇదే త్రోవ. కేరళలోని తుంబానుండి 1967 నవంబరు 20వ తేదీన మన శాస్త్రజ్ఞులు ఎగురవేసిన రోహిణి రాకెట్టు లావు 75 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళములు మాత్రమే. నా కాగితపు బొమ్మకంటెను సన్నము. తరువాతిది 125 మిల్లీమీటర్లది. మన ఆంధ్రదేశమున పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9వ తేదీన మొట్టమొదట ఎగిరినది అదియే. పిమ్మట 200, 300, 560 మిల్లీమీటర్లవి వచ్చినవి. 1980 జూలై 18వ తేదీన 22 మీటర్ల యెత్తు, 17 టన్నుల బరువు గల ఎస్.ఎల్.వి.-3 అను వాహనము అదే శ్రీహరికోటనుండి రోహిణి ఉపగ్రహమును భూమి చుట్టు త్రిప్పెను. మూడంగుళములనుండి అచ్చటికి చేరుటకు దాదాపు పదుమూడేండ్లు పట్టెను. పెంచిన ప్రతిసారియు గొట్టము, మందు, అతుకు మరల లెక్కింపవలసివచ్చుటయే దానికి హేతువు.

కావున మీ యూరి బాలుడు వచ్చి, "తాతా, పెద్ద రాకెట్టు చేసెదను, పైకమిమ్ము, పొలము చూపుము" అని యడిగినప్పుడు, ఛీ యని తరుమకుడు. తరిమిన చాటున చేయును. చాటున చేసినదే ప్రమాదము. అతనిని కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలు వేయుడు. మందు ఎచ్చటిది? బరువు ఎంత పెరిగినది, అతుకు ఎంత పెరిగినది? తూగు చోటు రెక్కలకు ముందున్నదా? దిగునప్పుడు ఎంత వేగముతో దిగును? ఈ నాలుగింటికి జవాబు లేనివాడు ఇంకను చిన్నదానితోనే నేర్చుకొనవలెను. మొదటి ప్రశ్నకు "నేనే కలుపుదును" అని చెప్పినచో వెంటనే ఆపుడు. మన దేశమున 1884వ సంవత్సరపు ప్రేలుడు పదార్థముల చట్టము ననుసరించి, అనుజ్ఞాపత్రము లేక మందు తయారుచేయుట నేరము. చట్టము మాట యటుంచినను, పోయిన వ్రేలు మరల రాదు.

అతని యుత్సాహము నిలుచుటకు నిప్పులేని మార్గమొకటి కలదు. సోడా, పానకములమ్ము పలుచని ప్లాస్టికు సీసాలో మూడవవంతు నీరుపోసి, బిరడా బిగించి, దూరమునుండి సైకిలు పంపుతో గాలి యెక్కించినచో, బిరడా యూడి నీరు క్రిందికి చిమ్మగా సీసా పైకెగురును. ప్రాత సీసా, పగులు వారిన సీసా పనికిరావు. గాజును లోహమును దరిచేరనీయరాదు. గాలి యెక్కించునప్పుడు దానిపైకి వంగరాదు. దీనికిని రెక్కలు కావలెను, ముక్కున బరువు కావలెను, తూగు చోటు చూడవలెను. పొడవు, వైశాల్యము, బరువు మూడును మూడు తీరుల పెరుగునను పాఠము దీనిలోనే నేర్వవచ్చును. ఆ పాఠము వచ్చిన బాలునకు రాకెట్టే గాక దూలము, వంతెన, గాదె, చెరువుకట్ట ఏది పెంచవలసివచ్చినను ముందు లెక్క చూచి పిమ్మట చేయి పెట్టు నలవాటు కలుగును.